జామతోటల ఎండు తెగులు: వేరును పరీక్షింపవలసిన యావశ్యకత

హైదరాబాదు నగరమునకు ఉత్తరపుటంచున నున్న మేడ్చల్, శామీర్‌పేట గ్రామసీమలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడినవి. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు హైదరాబాదునకు తెచ్చిరని చెప్పబడు అనాబ్-ఎ-షాహీ రకము ఈ యెఱ్ఱ చల్కనేలలలో పందిళ్లపై ప్రాకి, బరువైన గుత్తులు కాసి, దక్కను ద్రాక్షకు దేశమున నొక స్థానము సంపాదించి పెట్టినది. నేడా పందిళ్లు చాలవఱకు కానరావు. ఒకవంక నాగపురము పోవు రహదారియు, వేఱొకవంక రాజీవ్ రహదారియు, వానిని కలుపుచు వెలుపలి వలయ రహదారియు వచ్చిన తరువాత ఇక్కడి నేలకు ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినది. ఇంతటి యొత్తిడిలోను భూమిని విడువక పండ్లతోటలు పెట్టుకొని బ్రతుకుచున్న రైతులు ఇంకను గలరు. వారికి జామ యనుకూలమైన పంట. నీరు మితముగ నున్నను చాలును. రెండు మూడేండ్లలో కాపునకు వచ్చును. కోసిన కాయ ఆ దినముననే నగరపు సంతకు చేరును. అట్టి జామకు ఎండు తెగులను ఒక ప్రబల శత్రువు గలదు. కొందఱు దీనిని వడలు తెగులనియు నందురు. ఈ తెగులును గుఱించియు, దీనిని తట్టుకొను రకములను పరీక్షించి యేర్పఱచు పద్ధతిని గుఱించియు నేడు కొంత ముచ్చటింపదలచినారము.

ఇది తోటలవారి సంగతి, పురజనులకు దీనితో నేమి పని యని యడుగువారు ఉండవచ్చును. జామ సామాన్యుని ఫలము. తోపుడుబండిమీద దొరకు జామకాయలో సి విటమిను నారింజలో కంటె పలురెట్లు అధికము. అది యట్లుండగా, ఈ సీమకు ప్రత్యేకమైన కష్టము మఱియొకటి గలదు. మారుమూల గ్రామమున తోట యెండినచో రైతు వేఱు పంట వేసికొని కాలము గడుపును. నగరపుటంచున తోట యెండిన రైతు గుమ్మమున మఱునాడే స్థలముల వ్యాపారి నిలుచును. నాటిన చెట్టు ఎండి, మరల నాటినదియు ఎండినప్పుడు ఆ రైతు ఎంతకాలము పట్టుదలతో నుండగలడు? కంటికి కనబడని యొక బూజు ఈ విధముగ భూమి చేతులు మారుటకు కారణమగుచున్నది. ఒకసారి యిండ్లస్థలమైన నేల మరల తోట కాదు. కావున దీనిని కేవలము మొక్కల వైద్యముగ నెంచి యూరకుండరాదు.

తెగులు స్వభావము

మన దేశమున జామ ఎండు తెగులు 1935లో అలహాబాదు ప్రాంతమున గుర్తింపబడినది. తరువాత ఉత్తర హిందూస్థానమున పలు తావులలోను, క్రమముగ ఇతర ప్రాంతములలోను కానవచ్చినది. సామాన్యముగ వానలు పడి నేల బాగుగ తడిసిన పిదప, శ్రావణ భాద్రపదములు మొదలు దీని లక్షణములు పొడసూపును. చిటారుకొమ్మల ఆకులు కళదప్పి, పసుపుబారి, ముడుచుకొని రాలును. కొమ్మలు ఒక్కొక్కటిగ బోడివారును. తఱచుగ చెట్టునకు ఒకవైపు పచ్చగ నుండగనే రెండవవైపు ఎండిపోవును. కాయలు ఎదుగక, రాయివలె గట్టిపడి, నల్లబారి కొమ్మలకే వ్రేలాడుచుండును. వేరును త్రవ్వి చూచినచో పైబెరడు సులభముగ ఊడివచ్చును. లోని కఱ్ఱ గోధుమవన్నె తిరిగియుండును. కొన్ని చెట్లు లక్షణములు కనబడిన పక్షము దినములలోనే చచ్చును. మఱికొన్ని నెలలకొలది క్షీణించి చచ్చును.

దీనికి మూలము నేలలో నుండు శిలీంధ్రములు. వానిలో ఫ్యుసేరియం అను జాతికి చెందినవి ముఖ్యములు. ఇవి వేరునందలి గాయముల గుండ లోన ప్రవేశించి, నీటిని పైకి కొనిపోవు సన్నని నాళములను ఆక్రమించును. నాళములు పూడిపోవుటచే చెట్టు పాదున నీరున్నను ఆకులకు అందదు. రైతు ఆకులు వడలుట చూచి నీరు చాలలేదని తలచి మఱింత తడి పెట్టును. ఆ తడి నిలిచి వేరులకు గాలి యాడక రోగమునకే యనుకూలమగును. వడలుట చూచిన వెంటనే నీటిగూర్చి తలపక వేరును చూడవలెననుట ఇందువలననే.

దీనికి తోడుగ వేరు బుడిపెలను గలిగించు నులిపురుగులు గలవు. వానిలో మెలాయిడోగైని ఎంటెరోలోబై యనునది జామకు మిక్కిలి ప్రమాదకరమైనది. దక్షిణదేశమున ఇటీవలి సంవత్సరములలో ఇది జామతోటలలో ప్రబలినది. దీని వ్యాప్తికి నారుమళ్లనుండి తెచ్చు మొక్కలే ప్రధాన వాహనమగుచున్నవి. ఈ పురుగు వేరును కుట్టి ద్వారము తెఱచును; బూజు ఆ ద్వారమున ప్రవేశించును. బ్రెజిలు దేశపు జామతోటలు ఈ రెండింటి కూటమిచేత క్షీణించుచున్నట్లు అక్కడి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కనుక వేరునకు రక్షణ కోరువారు శత్రువు లిద్దఱను గమనింపవలసియున్నది.

ఇక మందుల మాట. ఆకులమీది తెగులునకు మందు చల్లిన గుణము కనబడును. నేలలోని తెగులు అట్లు కాదు. ఫ్యుసేరియం జాతి శిలీంధ్రములు దళసరి గోడలుగల విశ్రాంతి బీజములను మట్టిలో విడుచును. ఆశ్రయమిచ్చు మొక్క లేకున్నను అవి సంవత్సరములకొలది జీవించియుండి, తగిన వేరు దగ్గఱకు వచ్చినప్పుడు మేల్కొనును. పాదులో పోసిన మందు మట్టినంతను ముట్టదు. చెట్టు నాళములలో చేరిన రోగమును చేరదు. చచ్చిన చెట్టును వేరుతోకూడ పెఱికి కాల్చుట, నీరు నిలువకుండ కాలువలు తీయుట, దున్నునప్పుడు వేరులు తెగకుండ జాగ్రత్తపడుట, ట్రైకోడెర్మా యను మేలుచేయు బూజును పశువుల యెరువులో పెంపు చేసి పాదులలో వేయుట మొదలగునవి చేయదగినవే. అవి రోగమును మందగింపజేయును. కాని చచ్చిన చెట్టు గోతిలో మరల అదే విధమైన మొక్కను నాటినవానికి అవి పూర్తి యభయము నీయజాలవు. స్థిరమైన రక్షణ వేరునందే యుండవలెను. అట్టి వేరును వెదకి పట్టుటయే యిప్పటి పని.

పరీక్ష యన నేమి?

రోగమును తట్టుకొను మొక్కను వెదకుట యెట్లు? దీని మొదటి పాఠమును రైతులే నేర్పిరి. అమెరికా దేశమున దక్షిణ కరోలినా తీరపు దీవులలో పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రత్తి యిట్లే వడలి చచ్చుచుండెను. రివర్స్ అను రైతు తన పొలమున అన్నియు చచ్చినచోట పచ్చగ నిలిచిన మొక్క విత్తనమును దాచి, దానిని మరల ఆ చెడ్డనేలలోనే విత్తెను. విలియం ఆర్టన్ అను శాస్త్రజ్ఞుడు ఈ మార్గమును క్రమబద్ధము చేసెను. ఆయన పుచ్చకాయ విషయమున మఱియొక యడుగు వేసెను. తినుటకు పనికిరాక, తెగులునకు మాత్రము లొంగని యొక మోటు పుచ్చరకమును, రుచిగల రకముతో సంకరము చేసి, పుట్టిన సంతతిని రోగపు నేలలోనే తరతరములుగ పెంచి, నిలిచినవానిలో రుచిగలవానిని ఏరుకొనుచు వచ్చెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జరిగిన యీ కృషియే నేటి నిరోధక రకముల శోధనకు పునాది.

ఇందు మూలసూత్రమొక్కటే. మంచి నేలలో పెంచి మొక్క మంచిదని చెప్పుట పరీక్ష కాదు. రోగము నిండిన నేలలోనే దానిని నిలిపి చూడవలెను. ఇందుకై శాస్త్రజ్ఞులు ఒక మడిని బుద్ధిపూర్వకముగ రోగగ్రస్తము చేయుదురు. చచ్చిన మొక్కల వేరులను తఱిగి దానిలో కలిపి, తెగులునకు సులభముగ లొంగు రకమునే మరల మరల పెంచి, రోగమును మడియంతట సమముగ వ్యాపింపజేయుదురు. దీనిని రోగపు మడి యనవచ్చును. అందు పరీక్షింపవలసిన రకములను వరుసలుగ నాటి, నడుమ నడుమ లొంగు రకమును సాక్షిగ నుంచుదురు. సాక్షి మొక్కలు చచ్చినప్పుడే ఆ మడిలో రోగమున్నదని ఋజువగును. సాక్షి బ్రతికియున్నచో ఆ యేటి పరీక్ష చెల్లదు.

ఈ సాక్షి నియమమును తోటల యజమానులు ముఖ్యముగ గమనింపవలెను. తోటలో నూఱు చెట్లలో ముప్పది చచ్చి డెబ్బది నిలిచినచో, నిలిచినవన్నియు తెగులునకు లొంగనివని చెప్పుటకు వీలులేదు. వానిలో పెక్కింటిని రోగము ఇంకను చేరకపోయియుండవచ్చును. తప్పుకొనుట వేఱు, తట్టుకొనుట వేఱు. ఈ రెండింటిని విడదీయుటయే పరీక్ష చేయు పని. అంగడిలో "మా మొక్కలకు తెగులు రాదు" అను మాటలలో చాలభాగము తప్పుకొన్నవానిని చూచి తట్టుకొన్నవని భ్రమించుటవలన పుట్టినవే.

చెట్టుజాతి పంటలలో ఈ పరీక్ష పలు మెట్లుగ జరుగవలసియుండును. మొదట కుండీలలోని లేతమొక్కల వేరులను శిలీంధ్రబీజములు గల నీటిలో ముంచి నాటుదురు. లేక జొన్నగింజలపై పెంచిన బూజును మట్టిలో కలుపుదురు. కొన్ని నెలలలో లొంగునవి లొంగిపోవును. చచ్చిన మొక్కనుండి అదే శిలీంధ్రమును మరల వేఱుచేసి చూచి, చావు దాని పనియే యని నిర్ధారించుకొందురు. మిగిలినవానిని రోగపు మడికి తెత్తురు. అక్కడను నిలిచినవానికి మంచి రకముల కొమ్మను అంటుకట్టి, అతుకు కుదురునా, కాపు తగ్గునా, కాయ రుచి మారునా యని చూతురు. చివరకు వేఱువేఱు నేలలలో నాటి చూతురు. ఏలయన, ఒకే శిలీంధ్రమునందు పలు తెగలుండును. ఒకచోట నిలిచిన మొక్క వేఱొకచోట లొంగవచ్చును. ఇంతయు జరుగుటకు సంవత్సరములు పట్టును. ఓపికలేనివారికి ఇది పని కాదు.

పటాన్‌చెరువు పాఠము

ఈ విద్య మనకు దూరదేశపు వింత కాదు. మేడ్చల్‌నకు పడమటగ కొలది దూరమున పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, ఇక్రిశాట్, కందిపంట విషయమున దీనిని చేసి చూపినది. కందిని చంపు ఎండు తెగులును ఇరువదవ శతాబ్ది మొదట బట్లర్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అదియు ఫ్యుసేరియం జాతి శిలీంధ్రము పనియే. పటాన్‌చెరువు శాస్త్రజ్ఞులు రోగపు మళ్లను ఏర్పఱచి, పలుచోట్లనుండి సేకరించిన కంది రకములను వానిలో పరీక్షించిరి. అందు నిలిచిన యొకటి 'మారుతి' అను పేర 1986లో కర్ణాటకమున రైతులకు విడుదలయ్యెను. గుల్బర్గా ప్రాంతపు కంది సేద్యమునకు అది గొప్ప యాధారమయ్యెను.

అయితే మారుతి కథలో రెండవ భాగముకూడ గలదు. ఎండు తెగులును జయించిన ఆ రకము వెఱ్ఱి తెగులునకు లొంగినది. నల్లులవలన వ్యాపించు ఆ తెగులు సోకిన మొక్క పూయదు, కాయదు. కనుక రెండు తెగుళ్లను తట్టుకొను రకమును మరల వెదకవలసివచ్చెను. 1993లో విడుదలయిన 'ఆశ' అట్టిది. ఒక రోగమునకు పరీక్షించి యూరకున్న చాలదనియు, పొలములో నున్న శత్రువులందఱ యెదుటను మొక్కను నిలుపవలెననియు దీనివలన తేలుచున్నది. జామ విషయమున బూజునకు మాత్రము పరీక్షించి నులిపురుగును విడిచినచో ఇదే పొరపాటు జరుగును.

జామ విషయమున జరిగిన కృషి

కంది యేటేట విత్తు పైరు. జామ పాతికేండ్లు నిలువవలసిన చెట్టు. కందిలో తప్పు జరిగిన ఒక పంట పోవును. జామలో తప్పు జరిగిన ఒక తరము ఆశ పోవును. కావుననే జామలో పరీక్ష మఱింత యవసరము. దురదృష్టవశమున ఇక్కడ పని మఱింత కష్టముకూడ. జామగింజ మొక్కలు తల్లిని పోలవు. ఒకే కాయలోని గింజలు వేఱువేఱు గుణములు గలవి కావచ్చును. కావున తట్టుకొను వేరు దొరకినను దానిని గింజలచేత గాక కొమ్మలచేతనే పెంపొందింపవలెను.

మన పూర్వులును, తరువాతి శాస్త్రజ్ఞులును జామలో కాయను చూచి రకములను ఎంచిరి. అలహాబాదు సఫేదా అట్లు ప్రసిద్ధికెక్కినది. పూనా గణేశఖిండు తోటలో చీమా గారు దానినుండి 1927లో ఏర్చి తీసిన రకమే లక్నో-49. మన తెలంగాణమున కోహీరు జామ పేరెన్నికగన్నది. సంగారెడ్డి ఫలపరిశోధన స్థానమువారు కోహీరును అలహాబాదు సఫేదాతో సంకరము చేసి 'సఫేద్ జామ్', 'కోహీర్ సఫేదా' అను రకములను తెచ్చిరి. ఇవన్నియు గౌరవింపదగిన కార్యములే. కాని కాయ గుణము వేఱు, వేరు గుణము వేఱు. తినువాడు పైకొమ్మను చూచును. తెగులు క్రింది వేరును చూచును. పైనున్న రకమెంత గొప్పదైనను క్రింది వేరు లొంగునదైనచో చెట్టు నిలువదు.

అందువలననే శోధకులు జామకు దాయాదులైన యితర జాతుల వంక దృష్టి మఱల్చిరి. లక్నోలోని కేంద్రీయ ఉపోష్ణ ఉద్యాన సంస్థవారు సీడియం మోల్లె యను అడవి జాతిని జామతో సంకరము చేసి, ఎండు తెగులును తట్టుకొను వేరుమూలమును రూపొందించిరి. దానిపై మన జామ కొమ్మ అంటు కుదురును. చైనాజామ యనబడు సీడియం ఫ్రెడ్రిక్స్‌థాలియానం కూడ తెగులును తట్టుకొనునని శోధకులు తెలిపిరి. బ్రెజిలు దేశమున ఎంబ్రాపా సంస్థవారు జామను అరసా అను అడవి దాయాదితో సంకరము చేసి, నులిపురుగును తట్టుకొను 'గ్వరసా' అను వేరుమూలమును రైతుల కిచ్చిరి. అడవిలో పులుపుకాయ కాయు మొక్క వేరు, తోటలోని తీపికాయ చెట్టునకు కాపుదల యగుచున్నది. ఫ్రాన్సు ద్రాక్షతోటలు పందొమ్మిదవ శతాబ్దిలో వేరుపేనుచేత నశించినప్పుడు అమెరికా అడవి ద్రాక్ష వేరులపై అంటుకట్టియే బ్రతికినవి. ద్రాక్ష పండించిన మేడ్చల్ రైతులకు ఈ న్యాయము క్రొత్తది కాదు.

దక్షిణాఫ్రికా యనుభవము మనకు హితోపదేశము వంటిది. అక్కడ 1980 దశాబ్ది ఆరంభమున జామ ఎండు తెగులు పుట్టి తోటలను తుడిచిపెట్టినది. నెల్‌స్ప్రూట్ పరిశోధనాసంస్థవారు ప్రయోగశాలలో పెంచిన లేతమొక్కలను ఆ శిలీంధ్రపు విషద్రవముతో పరీక్షించి, మిగిలినవానిని రోగపు నేలలో నాటి, రెండు మూడు గట్టి యెంపికలను సాధించిరి. వానిలో టి.ఎస్.-జి 2 అనునది రైతులను ఆదుకొనెను. కాని 2009 మొదలు ఆ టి.ఎస్.-జి 2 చెట్లును వడలసాగినవి. నిరోధకశక్తి శాశ్వతమైన వరము కాదు. శత్రువు మారుచుండును, పరీక్షయు సాగుచుండవలెను. మఱియు ఆ దేశపు రోగమునకు కారణమైన శిలీంధ్రము మన ఫ్యుసేరియం కాదు, నలాంతమాల యను వేఱొక జాతి. పేరొకటే యని అక్కడి వేరును తెచ్చి ఇక్కడ నమ్ముట తగదు. మన నేలలో, మన బూజు నెదుట, మన పురుగు నెదుట పరీక్షించిన వేరే మనకు ప్రమాణము.

అరటి చెప్పు హెచ్చరిక

పరీక్ష లేక ఒకే రకమును నమ్మినవారి గతి యేమగునో అరటి చెప్పుచున్నది. మధ్య అమెరికా దేశములు ఒకప్పుడు గ్రోస్ మిషెల్ అను ఒక్క రకమునే లక్షల యెకరములలో పెంచి లోకమునకు ఎగుమతి చేసినవి. పనామా తెగులను ఫ్యుసేరియం వడలు దానిని నేలమట్టము చేసినది. 1960 దశాబ్ది నాటికి దాని స్థానమున కేవెండిష్ రకము వచ్చెను. ఆ పాత తెగను కేవెండిష్ తట్టుకొనెను. కాని తైవానున కేవెండిష్‌ను చంపు క్రొత్త తెగ పుట్టి, ఆసియా దీవులకు, 1990 దశాబ్దిలో ఆస్ట్రేలియాకు, 2013లో మొజాంబిక్, జోర్డాన్ దేశములకు, 2019లో కొలంబియాకు ప్రాకినది. మన దేశమునను బీహారు రాష్ట్రపు కటిహారు ప్రాంతమున నది బయల్పడినది.

తెలుగుదేశపు రైతులకు ఈ భేదము అనుభవమే. అమృతపాణి వడలు తెగులునకు లొంగును. కర్పూర చక్కెరకేళి తట్టుకొనును. క్రొత్త తెగ వచ్చినప్పుడు తైవాను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిన వేలకొలది కేవెండిష్ పిలకలను రోగపు నేలలోనే నాటి, నిలిచినవానినుండి 'ఫార్మోసానా' వంటి రకములను ఏర్చి తీసిరి. ఆస్ట్రేలియావారు అడవి యరటియందలి జన్యువును కేవెండిష్‌లో నిలిపి రూపొందించిన రకమునకు 2024లో వారి ప్రభుత్వపు అనుమతి లభించెను. మార్గము లేవియైనను చివరి న్యాయస్థానము రోగపు నేలయే.

మనము చేయవలసిన పని

ఈ విషయమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమునకు గల యవకాశములు సామాన్యమైనవి కావు. రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటి పోగానే సిద్దిపేట జిల్లాలోని ములుగున శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయము గలదు. స్వాతంత్ర్యసమరమునందును తెలంగాణోద్యమమునందును పాల్గొన్న బాపూజీ పేర వెలసిన విద్యాలయమది. ఒకవైపున రోగపు మడుల విద్యలో ఆరితేరిన పటాన్‌చెరువు గలదు. శామీర్‌పేట సీమలోనే తుర్కపల్లి యొద్ద జీనోమ్ వ్యాలీ గలదు. 2020-21లో కరోనా మహమ్మారి కాలమున దేశమునకు ఒక టీకామందు అచ్చటనుండి వచ్చినది. ఆ టీకాను మూడు దశల పరీక్ష లేక మనుజులకు ఇయ్యవచ్చునని యెవరైన నందురా? మనుష్యునకు మందు వేయుటకు ముందు పరీక్ష యవసరమని యంగీకరించిన మనము, రైతు పాతికేండ్ల జీవనమును అప్పగించు మొక్కకు పరీక్ష యక్కఱలేదని యెట్లు అనగలము?

మా సూచనలు ఇవి. మొదటిది, జామ ఎండి చచ్చిన తోటలలో ఒకటి రెండెకరములను విశ్వవిద్యాలయమువారు కౌలునకు తీసికొని రోగపు మడులుగ నిలుపవలెను. క్రొత్తగ రోగమును కల్పింపవలసిన పనిలేదు. ఉన్న రోగమును కొలిచి సమము చేసిన చాలును. చుట్టును గట్టు వేసి, ఆ మట్టి పనిముట్లతోడను, ట్రాక్టరు చక్రములతోడను, పాఱు నీటితోడను వెలుపలికి పోకుండ కట్టుదిట్టము చేయవలెను. అందు లక్నో వేరుమూలము, చైనాజామ, కోహీరు, అలహాబాదు సఫేదా, లక్నో-49, నేడు దట్టముగ నాటుచున్న తైవాన్ జామ మొదలగువానిని పక్కపక్కన నిలిపి చూడవలెను. చచ్చినవాని లెక్క, నిలిచినవాని లెక్క ఏటేట తెలుగున ప్రకటింపవలెను. ఓడిన రకముల పేరులు దాచుట యెవరికిని మేలు కాదు.

రెండవది, నారుమళ్ల సంగతి. ఉమ్మడి రాష్ట్రమున 2010లోనే ఉద్యాన నారుమళ్ల నియంత్రణకు శాసనము వచ్చినది. శాసనము కాగితముపై నుండి ఫలము లేదు. అమ్ము ప్రతి జామమొక్కకును అది గూటి యంటా, వేఱు వేరుమూలముపై కట్టిన యంటా, ఆ వేరు ఏ జాతిది, ఎచ్చట పరీక్షింపబడినది యను వివరము వ్రాతమూలముగ నుండవలెను. గూటి యంటు తన వేరుపైననే నిలుచును. దానికి పేరుగల రకపు కాయ వచ్చునేకాని వేరుబలము రాదు. సంచిలోని మట్టిని పరీక్షించి నులిపురుగు లేదని చెప్పుట అమ్మువాని బాధ్యత కావలెను.

మూడవది, భూస్వాములు తాము చేయదగినది. మొక్కలు కొనుటకు ముందు నాలుగు సంచులు విప్పి వేరులను నీట కడిగి చూడుడు. బుడిపెలున్నచో బండిని వెనుకకు పంపుడు. ధరను గుఱించి పదిమార్లు అడుగువారు వేరును గుఱించి ఒక్కమారైన నడుగుడు. చెట్టు చచ్చిన గోతులున్న తోటలో ఒక్కమారుగ అంతయు తిరిగి నాటకుడు. ఆ గోతులలోనే నాలుగైదు విధముల వేరులపై కట్టిన యంట్లను కొలదిగ నాటి, నడుమ చచ్చిన రకమునే సాక్షిగ నుంచి, రెండు మూడు వర్షాకాలములు గడువనిండు. సాక్షి చచ్చినచోట నిలిచినదే మీకు తగిన మొక్క. ఏ చెట్టు ఎప్పుడు వడలినదో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. కరోలినా రైతునకు చేతనైన పని మన రైతునకు చేతగానిది కాదు.

ఈ పరీక్షకు కాలము పట్టునని చెప్పితిమి. ఐదేండ్లు, పదేండ్లు పట్టవచ్చును. అంతవఱకు ఈ సీమలో తోటలు మిగులునా యని నిరుత్సాహపడువారు గలరు. తోటలు మిగులవలెనన్నచో పరీక్ష నేడే మొదలుకావలెనని మేము వారికి మనవి చేయుచున్నాము. రైతునకు భూమిపై మమకారము చాలదు. నాటిన చెట్టు నిలుచునను నమ్మకము కావలెను. ఆ నమ్మకము ప్రకటనలవలన రాదు, క్రొత్త పేరులవలన రాదు. చచ్చిన చెట్టు గోతిలో బ్రతికి చూపిన మొక్కవలననే వచ్చును. విశ్వవిద్యాలయమువారును, ఉద్యానశాఖవారును వచ్చు వర్షాకాలమునకు ముందుగనే మడులను గుర్తించి పని యారంభింతురు గాక యనియు, తోట పోగొట్టుకొన్న రైతులు అందులకు తమ నేలను సంతోషముతో నిత్తురు గాక యనియు మేము కోరుచున్నాము.